ఐదు నక్షత్రాలు ఇచ్చింది నేనే, ఇప్పుడు మూడు చేస్తున్నాను

ఈ బాత్రూం సర్వీసుకి రెండు నెలల కిందట ఐదు నక్షత్రాలు ఇచ్చిన మనిషిని నేనే. "వారం అన్నారు, నాలుగు రోజుల్లో అప్పజెప్పారు, శభాష్" అని రాశాను. అది రాసేటప్పటికి ఆ బాత్రూంలో ఇంకా ఎవరూ ఒక చెంబు నీళ్ళు పోసుకోలేదు. సూపర్‌వైజరు కుర్రాడు గుమ్మంలో నిలబడి "ఆంటీ, ఒక్క ఫైవ్ స్టార్ కొట్టెయ్యండి, మాకు ఇన్సెంటివ్ వచ్చిద్ది" అన్నాడు. లోపలికెళ్ళి కళ్ళజోడు తెచ్చుకుని మరీ కొట్టాను.

నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే తప్పంతా వాళ్ళదే అనుకుంటారు. కరెంటు బిల్లు చేతిలో పడిన గంటలో కట్టేస్తాను. పల్నాడు ఎక్స్‌ప్రెస్‌కి వెళ్ళాలంటే తెల్లవారుజామున నాలుగింటికే గుంటూరు స్టేషన్లో బెంచీ మీద ఉంటాను. పని మిగిలి ఉందంటే నాకు నిద్ర పట్టదు. తమాషా ఏమిటంటే ముప్ఫై ఒక్క ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పి, పరీక్ష హాల్లో పిల్లలతో నేను అన్న మాట ఒకటే: "అయిపోయిందని లేవకురా, కూర్చుని మళ్ళీ చూసుకో." అరగంట ముందు పేపరిచ్చి వెళ్ళిన వాడి పేపరు దిద్దుతుంటే, ఎక్కడో ఒకచోట మైనస్ గుర్తు ఎగిరిపోయి ఉండేది.

మాది బ్రాడీపేటలో పాత అపార్ట్‌మెంటు, రెండో అంతస్తు. మావారికి హైదరాబాదులో మోకాలి ఆపరేషన్ అయింది, అమ్మాయి ఇంట్లో ఉన్నారు. ఇక కింద కూర్చునే దొడ్డి కుదరదన్నారు డాక్టరు. ఆయన వచ్చేలోగా కమోడు, పట్టుకోడానికి స్టీలు రాడ్లు, కాలు జారని టైల్స్ పెట్టించాలి. ఐదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడుగు బాత్రూముకి లక్షా పన్నెండు వేలు మాట్లాడుకున్నాం. ఏ రోజు ఏం పనో కాగితం మీద ప్రింటు తీసి ఇచ్చారు. అందులో నాలుగో రోజు, ఐదో రోజు ఎదురుగా "నీళ్ళు కట్టి చూడటం" అని ఉంది. అంటే వాటర్‌ప్రూఫింగ్ కోటు వేశాక, నీళ్ళు పోయే దారి మూసేసి, నేలంతా ఒక అంగుళం పైన నీళ్ళు నింపి 48 గంటలు వదిలెయ్యడం. కింది ఇంటి కప్పుకి చెమ్మ రాకపోతే అప్పుడు టైల్స్ పరవాలి. ఆ రెండు రోజులూ మేస్త్రీ రాడు, సుత్తి చప్పుడుండదు. నా కంటికి అవి ఖాళీ రోజులుగా కనపడ్డాయి.

బాగున్నవి ముందు చెప్పేస్తాను. పాత టైల్స్ పగలగొట్టేటప్పుడు హాల్లో సోఫాలకీ బీరువాకీ ప్లాస్టిక్ షీట్లు కప్పారు. చెత్త ఏ రోజుది ఆ రోజే గోతాల్లో దించుకెళ్ళారు, మెట్ల మీద ఒక్క పెంకు లేదు. ప్లంబరు పనిమంతుడు, పైపులకి ప్రెజర్ పెట్టి చూసి గాని గోడ మూయలేదు. వాటం కూడా చక్కగా కుదిరింది. ఎక్కడ మగ్గుడు నీళ్ళు పోసినా నిలవకుండా నహానీ ట్రాపు, అంటే నేలలో నీళ్ళు పోయే కన్నం, దగ్గరికి పోతాయి. మాటిచ్చిన బ్రాండు సామానే వేశారు.

ఇక మూడో రోజు సంగతి. మేస్త్రీ అరవై దాటిన మనిషి. పొద్దున్నే మొదటి కోటు బ్రష్షుతో నిలువుగా వేశాడు, మూలల్లో మెష్ పెట్టి. "ఇది ఆరాలమ్మా, రెండోది రేప్పొద్దున అడ్డంగా ఏసుకుందాం" అన్నాడు. సూపర్‌వైజరు ఫోన్లో ఎవరితోనో మాట్లాడి వచ్చి, "ఫ్యాను పెట్టు బాబాయ్, గంటలో ఆరిద్ది, మనకి రేపు అరండల్‌పేటలో ఇంకో పనుంది" అన్నాడు. మేస్త్రీ నా వంక చూశాడు. నేనేం చేశానంటే, పడగ్గదిలోకి పరుగున పోయి టేబుల్ ఫ్యాను తెచ్చిచ్చాను. ఎక్స్‌టెన్షన్ బాక్సు కూడా.

మధ్యాహ్నం మూడింటికి రెండో కోటు పడింది. నీళ్ళు కట్టే మాట వచ్చేసరికి "పైపులన్నీ కొత్తవే కదాంటీ, ఏం కాదు, మీరు ఊ అంటే రేపే టైల్స్" అన్నాడు సూపర్‌వైజరు. నేను ఊ అన్నాను. ఒక్కసారి కాదు, "కానివ్వండి బాబూ, కానివ్వండి" అని రెండుసార్లు. మావారు ఆదివారం వస్తున్నారు, ఆయనకి తయారైన బాత్రూం చూపించాలని నా ఉబలాటం. నాలుగో రోజు పొద్దున టైల్స్, సాయంత్రం వాటి సందుల్లో నింపే గ్రౌటు, రాత్రికి కమోడు. టైల్స్ పరిచాక గ్రౌటు పెట్టడానికి ఒక రోజు ఆగాలని ఆ కాగితంలోనే రాసి ఉంది. కాగితం ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద అలాగే ఉంది.

మావారు ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యారు. కర్ర పట్టుకుని బాత్రూంలోకి వెళ్ళి, జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి టైల్స్ మీద టకటకా కొట్టారు. కమోడు పక్కన మూడు టైల్స్ డొల్లగా మోగాయి. "ఎన్ని రోజులు?" అన్నారు. నాలుగు అన్నాను, కొంచెం గర్వంగానే. "కోటు ఆరడానికి టైమివ్వాలి, కింద సిమెంటు తడిగా ఉండటానికి టైమివ్వాలి. మీరు రెండూ ఇవ్వలేదు" అన్నారు. సిమెంటు ఆరితే గట్టిపడుతుందని ఇన్నాళ్ళూ నేను అనుకుంటున్నది తప్పట. నీళ్ళతో కలిసి లోపల జరిగే చర్య వల్ల గట్టిపడుతుందట. అందుకే మామూలు సిమెంటు కాంక్రీటైతే కనీసం ఏడు రోజులు తడుపుతారు, దాని బలం 28 రోజులకి లెక్క చూస్తారు. ముప్ఫై ఏళ్ళు ఒకే ఇంట్లో ఉండి ఈ ముక్క నాకు అప్పుడు తెలిసింది.

వారం తిరిగేసరికి చీపురుతో ఊడిస్తే గ్రౌటు తెల్లటి పొడిలా రాలింది. పంతొమ్మిదో రోజు కింది ఫ్లాటు వదినగారు పైకొచ్చారు, చేతిలో ఫోను. "టీచరుగారూ, మీరు కోప్పడకూడదు" అంటూ ఫోటో చూపించారు. ఆవిడ బాత్రూం కప్పు మీద, సరిగ్గా మా ట్రాపు కింద, పళ్ళెమంత మచ్చ. మధ్యలో తడి, అంచు చుట్టూ టీ మరకలాంటి గోధుమరంగు గీత. కిందికి వెళ్ళి చూస్తే అప్పటికే స్టీలు బేసిన్ పెట్టుకుని ఉన్నారు. నేను నిలబడ్డంతసేపట్లో నాలుగు చుక్కలు పడ్డాయి. తల ఎత్తలేకపోయాను.

కంపెనీకి ఫోన్ చేస్తే మర్నాడే వచ్చారు. ఈ మాట రాయకపోతే అన్యాయం. అదే మేస్త్రీ ట్రాపు చుట్టూ రెండడుగులు పగలగొట్టాడు. కింద వాటర్‌ప్రూఫింగ్ కోటు మీద గోరు పెట్టి లాగితే, చల్లారిన పాల మీద మీగడలా పొర మొత్తం లేచి వచ్చింది. మొదటి కోటు తడి మీదే రెండోది పడిందట. ఆ పొర నా చేతిలో పెట్టి "చూడండమ్మా" అన్నాడు, ఇంకేమీ అనలేదు. ఫ్యాను సంగతి ఇద్దరం ఎత్తలేదు.

రెండోసారి నేల మొత్తం తీసేసి, కోటుకీ కోటుకీ మధ్య ఒక రాత్రి ఆపి, నీళ్ళు కట్టారు. గోడ మీద నీటి మట్టం దగ్గర మేస్త్రీ పెన్సిలుతో గీత గీశాడు. ఆ 48 గంటలు నేను పడ్డ అవస్థ చెప్పలేను. టార్చి పట్టుకుని ప్రతి రెండు గంటలకీ గీత చూసుకోవడం, కిందికి పోయి కప్పు తడిమి రావడం. వదినగారు నేల మీద పాత న్యూస్‌పేపరు పరిచి ఉంచారు. మూడో రోజు పొద్దున పేపరు కరకరలాడుతూ ఉంది, గీత దగ్గర నీళ్ళు అలాగే ఉన్నాయి.

లెక్క ఇది. మొదటి పని నాలుగు రోజులు, మరమ్మతు తొమ్మిది రోజులు, మొత్తం పదమూడు. కాగితంలో ఉన్నది ఏడు. లేబరు, కోటు సామాను వాళ్ళే పెట్టుకున్నారు. కొత్త టైల్స్‌కి 3,200, కిందివాళ్ళ కప్పుకి పెయింటు 5,600 నేను పెట్టుకున్నాను. పాత లాటు దొరక్క నాలుగు టైల్స్ కాస్త పసుపు తిరిగి ఉంటాయి, కమోడు మీద కూర్చుంటే ఎదురుగా అవే. ఆ తొమ్మిది రోజులూ మావారు వాకర్ పట్టుకుని ఎదురు ఫ్లాటు వాళ్ళ బాత్రూంకి వెళ్ళొచ్చారు.

ఇదంతా అమ్మాయికి చెబితే, "నీలాంటి వాళ్ళ మీద ప్రయోగమే చేశారమ్మా" అంది. 2014లో అమెరికాలో పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో డేవిడ్ రోజెన్‌బామ్, మరో ఇద్దరు కలిసి దాని మీద పేపరు రాశారట. దారిలో ఒక బకెట్ దగ్గర, ఒకటి దూరంగా పెట్టి, ఏదో ఒకటి తీసుకుని చివరిదాకా మోసుకెళ్ళమన్నారు. దూరంగా ఉన్నది తీసుకుంటే మోసే దూరం తగ్గుతుంది. అయినా ఎక్కువమంది ముందు కనపడిన బకెట్టే ఎత్తుకున్నారట, పని తొందరగా అవగొట్టేద్దామని. నేనైతే రెండు చేతులతో ఎత్తుకునేదాన్ని.

మూడు నక్షత్రాలు ఎందుకంటే, పిలవగానే వచ్చారు, దబాయించలేదు, ఇప్పుడు చుక్క కారట్లేదు. రెండు ఎందుకు కోశానంటే, తొందరపెట్టే కస్టమరు తొందరపెడుతుంది, ఆగాలని తెలిసినవాళ్ళు ఆగాలి. ఆ ఇంటి పనిలో ఆగాలని తెలిసిన ఒకే ఒక్క మనిషి మాట ఎవరూ వినలేదు, నాతో సహా.

నా పాత రివ్యూ కింద పద్నాలుగు మంది "ఉపయోగపడింది" అని నొక్కారు. వాళ్ళలో ఎవరైనా వీళ్ళని బుక్ చేసుకుని ఉంటే, టైల్స్ ఇంకా పరవకపోతే, ఇవాళే ఫోన్ చేసి నీళ్ళు కట్టమనండి. పెన్సిలు మీదగ్గర పెట్టుకోండి. ఫ్యాను మాత్రం ఇవ్వకండి.