తలకోనా, మామండూరా: వాగులో దిగి చదవాల్సిన పిల్లలకు ఏది మేలు?

డిగ్రీ పిల్లల్ని వాగు చదువుకు తీసుకెళ్ళాలంటే మా వైపు ఎవరైనా మొదట చెప్పే పేరు శేషాచలం అడవుల్లోని తలకోన జలపాతం. అందం విషయంలో దానికి వంక పెట్టలేం. పని జరగాలంటే మాత్రం నా ఓటు తిరుపతికి దగ్గర్లోని మామండూరు వాగుకే. ఈసారి జువాలజీ, బాటనీ పిల్లలతో రెండు చోట్లా ఉండి, చివర్లో తిరుపతి పక్కన స్వర్ణముఖి నదిలో కూడా దిగి వచ్చాక ఆ అభిప్రాయం ఇంకా గట్టిపడింది. వేరే కాలేజీల వాళ్ళకు పనికొస్తుందని కాస్త వివరంగానే రాస్తున్నా.

ముందు కాలం సంగతి. మనకు ఎక్కువ వాన ఇచ్చేది ఈశాన్య రుతుపవనాలు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. నవంబరులో శేషాచలం వాగుల్ని నమ్మకూడదు. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏర్లయిపోవడం, చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగడం చూసినవాళ్ళమే కదా. సంక్రాంతి దాటాక నీళ్ళు తేటపడతాయి, వరదకు కొట్టుకుపోయిన పురుగులు రాళ్ళ కింద మళ్ళీ కుదురుకుంటాయి. మార్చి దాకా ఆగితే చిన్న వాగులు మడుగులు మడుగులుగా తెగిపోతాయి. కాబట్టి జనవరి చివర, లేదంటే ఫిబ్రవరి మొదట్లో. అయితే వైకుంఠ ఏకాదశి, రథసప్తమి దగ్గర్లో తిరుపతిలో గది దొరకడం కల్ల. మహాశివరాత్రికి తలకోన సిద్ధేశ్వరస్వామి గుడికి జనం పోటెత్తుతారు. క్యాలెండరు చూసుకున్నాకే బస్సు మాట్లాడుకోండి.

అనుమతి గురించి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. గేటు దగ్గర టికెట్ కొంటే చూసి రావచ్చు, అంతే. శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానాన్ని 1989లో ప్రకటించారు, విస్తీర్ణం 353 చదరపు కిలోమీటర్లు. దాని చుట్టూ 4,755 చదరపు కిలోమీటర్ల శేషాచలం బయోస్ఫియర్ రిజర్వు 2010లో వచ్చింది. ఉద్యానంలో అధ్యయనం చెయ్యాలంటే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి. నెలల ముందే రాయాలి. అందులో ఏం చేస్తారో, ఏం చెయ్యరో స్పష్టంగా ఉండాలి. మేము పురుగుల్ని ట్రేలో లెక్కపెట్టి అక్కడికక్కడే నీళ్ళలో వదిలేస్తామని, ఆకు కూడా కొయ్యమని రాశాం. ఆ కాగితం నకలు ప్రతి గుంపు దగ్గరా ఉంచండి. ఎర్రచందనం చెట్టు చుట్టూ టేపు వేసి చుట్టుకొలత రాసుకుంటున్న కుర్రాళ్ళని ఈ అడవిలో ఎవరు చూసినా ముందు అనుమానించి తీరతారు. అనుమానించకపోతేనే తప్పు.

తలకోన తిరుపతికి దాదాపు 60 కిలోమీటర్లు. చంద్రగిరి దాటి, భాకరాపేట ఘాట్ ఎక్కి, నెరబైలు మీదుగా పోవాలి. రోజూ ఆ దారిలో తిరిగే డ్రైవరునే పెట్టుకోండి, పగలే ప్రయాణం చెయ్యండి. 2022 మార్చిలో పెళ్ళిబృందం బస్సు లోయలో పడింది ఈ ఘాట్‌లోనే. ఆర్టీసీ బస్సులు ఉన్నాయి గానీ వలలు, ట్రేలు, ఆసిడ్ సీసాలు, ముప్పై మంది పిల్లలతో వాటిని నమ్ముకుంటే కుదరదు.

జలపాతం 270 అడుగులు. పిల్లలు దాన్ని చూడగానే సగం బుద్ధి అటే పోతుంది, ఇంకో సగం ఫోన్లోకి పోతుంది. అందుకని మొదటి పూట పనేమీ పెట్టుకోకుండా వాళ్ళని వదిలేయడం మేలు. చదువుకు పనికొచ్చేది జలపాతం కాదు. దానికి బాగా దిగువన, గుండ్రాళ్ళ మీద నీళ్ళు గలగలా పారే పాయ, దాని కిందే ఉండే నిదానపు మడుగు. ఈ రెండూ పక్కపక్కనే దొరకడం తలకోనలో గొప్ప వసతి. పారే చోట ఆక్సిజన్ ఎక్కువ, పురుగులు రాళ్ళకు కరుచుకుని ఉంటాయి. మడుగులో రాలిన ఆకు పేరుకుని, దాన్ని తినేవి చేరతాయి.

వల పట్టే పద్ధతి తెలిసిందే. ఒకరు ఎగువన నిలబడి కాళ్ళతో రాళ్ళు కదిలిస్తే, కొట్టుకొచ్చినవి దిగువన వలలో పడతాయి. మా వలలు దోమతెర గుడ్డతో కుట్టించినవి, షాపు వలలకేం తీసిపోలేదు. తెల్ల ట్రేలో మూడు తోకల మేఫ్లై పిల్లలు (మంచి నీళ్ళుంటేనే బతికే పురుగులు) మొదట కనబడ్డాయి. ఆ తర్వాత ఇసుక రేణువులు అతికించి గూడు కట్టుకున్న కాడిస్‌ఫ్లై పురుగులు, తూనీగ పిల్లలు, ఒక పీత. ఆ గూడు నడవడం చూసి అమ్మాయిలు కేకలు పెట్టారు. ఇక ఆ గుంపుకి నేను ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది. నీటి వేగం కొలవడానికి కమలాపండు చాలు: పది మీటర్లు తేలడానికి పట్టిన సమయం చూసి, వచ్చిన వేగాన్ని 0.85తో గుణిస్తే సుమారు సగటు వేగం వస్తుంది. పండు పోగొట్టుకోకుండా దిగువన ఒకరిని నిలబెట్టండి. మావాళ్ళు పోగొట్టలేదు, తినేశారు.

చెట్ల విషయంలో తలకోన లోయ వేరే లోకం. చుట్టూ కొండల మీద ఎండు అడవి. లోయలో వాగు పొడవునా పచ్చదనం: నేరేడు, మేడి, ఏరుమద్ది, వాటి మీదికి పాకిన గిల్లతీగ. గిల్లకాయ దాదాపు మీటరు పొడవుంటుంది. చిక్కుడు జాతిలో ఇంత కాయా అని బాటనీ పిల్లలే నోరెళ్ళబెట్టారు. రాతి నెర్రెల్లో బంగారు బల్లి కోసం వెతికాం, కనబడలేదు. 1870లో బెడ్డోమ్ అనే బ్రిటిష్ అటవీ అధికారి లోకానికి చెప్పిన బల్లి అది. రాతి గోడకు గుడ్లు గుంపుగా అతికించి పెడుతుంది. ఆ గుడ్ల మచ్చలు అటవీ శాఖ వాచర్ చూపించాడు.

వాచర్ లేకుండా వాగులో దిగొద్దు. మాతో వచ్చిన పెద్దాయన ఒక మడుగు దగ్గర అబ్బాయిల్ని గట్టిగా ఆపాడు. “రేయ్ నాయనా, ఆడ దిగబాకండి. పైన చూస్తే మోకాల్లోతు, కింద గుండు జారిందంటే మనిషి లోతు.” మా దగ్గరున్న కర్రతో లోతు చూస్తే ఆయన చెప్పింది అక్షరాలా నిజం. కూలి ఎంత ఇచ్చినా ఆయనకు తక్కువే.

ఇక బస. ఫీల్డ్ వర్క్ పిల్లలకు బస అంటే ఏసీ కాదు, పరుపు కాదు: ఒక పెద్ద బల్ల, పైన తెల్లటి వెలుగు, పారే నీళ్ళ కుళాయి. ఎందుకంటే ఆక్సిజన్ కొలిచే వింక్లర్ పద్ధతిలో సగం పనే వాగు దగ్గర జరుగుతుంది. సీసాలో మాంగనస్ సల్ఫేట్, ఆల్కలైన్ అయొడైడ్ పోసి ఆక్సిజన్‌ని కట్టేస్తాం. తర్వాత ఆసిడ్ పోసి థయోసల్ఫేట్‌తో టైట్రేషన్ (చుక్కచుక్కగా పోసి కొలవడం) చెయ్యడం ఆ పూటకే, గదికి వచ్చాక. స్టార్చ్ వేశాక నీలం ఎప్పుడు పోయిందో పసుపు బల్బు కింద తెలిసి చావదు. తలకోన వైపు మేం దిగిన ఒక చోట (పేరు వద్దు) గదికో మసక బల్బు, వోల్టేజీ పడిపోవడం, వరండాలో బల్లే లేకపోవడం. చివరికి ఫోన్ల టార్చీలు పెట్టి, కింద తెల్ల టైలు వేసుకుని కానిచ్చాం. భోజనం ముందురోజే చెప్పాలన్నారు, చెప్పినా ఆలస్యంగానే వచ్చింది. కానీ ఆ సంగటి, చెనిక్కాయల ఊరిబిండి తిన్నాక ఎవరూ నోరెత్తలేదు. లోయలో ఫోన్ సిగ్నల్‌ని నమ్ముకోకండి, మ్యాపులు ముందే దింపుకోండి.

మామండూరు పూర్తిగా వేరే రకం. తిరుపతి నుంచి కడప రోడ్డు మీద సుమారు 20 కిలోమీటర్లు, రైల్వే స్టేషన్ కూడా ఉంది. అక్కడ చూసి ‘అబ్బా’ అనేదేమీ లేదు, అదే దాని మంచితనం. వాగు నిదానం, అడుగున ఇసుక, గులకరాళ్ళు, అంచులు నిటారుగా ఉండవు. ఈత రాని పిల్లల్ని కూడా ధైర్యంగా దింపవచ్చు. సందర్శకుల గోల తక్కువ కాబట్టి నీళ్ళు కలకబారక, ఒకే పాయింటులో పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ఉష్ణోగ్రత, ఆక్సిజన్ చూడగలిగాం. తలకోనలో ఇది కుదరదు. పదకొండయ్యేసరికి స్నానాల జనం వాగంతా కలిపేస్తారు.

అడవి పని కూడా ఇక్కడే బాగా సాగింది. వాగు ఒడ్డు నుంచి వాలు మీదికి తాడు కట్టి, వరసగా 10 మీటర్ల చదరాలు వేశాం. నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున ప్రతి చెట్టు చుట్టుకొలత. ఒడ్డున కానుగ, ఏరుమద్ది, వెదురు. పైకి పోయేకొద్దీ అవి తగ్గి చిరుమాను, నల్లమద్ది, ఆపైన రాళ్ళ మధ్య ఎర్రచందనం. మూడేసి ఆకుల రెమ్మ, మొసలి చర్మం లాంటి బెరడు, ఒకసారి చూస్తే మర్చిపోరు. పుస్తకంలో జాతుల వైవిధ్యం కొలిచే షానన్ సూచిక అంటే ముఖం చిట్లించే పిల్లలు, తమ చదరాల్లో లెక్క తామే వేసుకుని, ఒడ్డుది ఎక్కువా వాలుది ఎక్కువా అని బస్సులో పోట్లాడుకున్నారు.

నీటిలో ఉప్పులు ఎందుకింత తక్కువ అని ఒకమ్మాయి అడిగింది. వాటర్ ప్యూరిఫయర్ అమ్మేవాళ్ళ దగ్గర దొరికే చవక టీడీఎస్ మీటరు (నీళ్ళలో కరిగిన ఉప్పుల్ని చూపేది) అందరికీ ఇచ్చాం, ఆ అంకె చూసి అడిగిన ప్రశ్న అది. శేషాచలం నెత్తి మీదున్నది క్వార్ట్‌జైట్ అనే గట్టి రాయి, దాన్నుంచి నీళ్ళలోకి కరిగేది చాలా తక్కువ. తిరుమల ఘాట్ రోడ్డులో ఆ రాయి కింద ఇంకా పాత గ్రానైట్ కనబడే చోటు ఉంది, వయసులో ఎంతో తేడా ఉన్న ఆ రెండు రాళ్ళు కలిసే హద్దుని ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ అంటారు. కొండకు పోయే బస్సు కిటికీలోంచి చూడమని చెప్పాను. ఎంతమంది చూశారో గోవిందుడికే తెలియాలి.

బస సంగతికొస్తే మామండూరులో అటవీ శాఖ వసతి ఉంది, బ్రిటిష్ కాలం నాటి బంగళా కూడా. చిన్న గుంపయితే అక్కడే ఉండొచ్చు. మా అంత మంది ఉంటే మాత్రం తిరుపతిలో ఉండి రోజూ వచ్చిపోవడం నయం. సీసాలు కట్టుకుని సాయంత్రానికి కాలేజీ ల్యాబ్‌కి చేరితే ట్యూబులైటు, సింకు, బ్యూరెట్టు స్టాండు, అన్నీ అక్కడే. మామండూరుకు నా ఓటు పడడానికి అసలు కారణం ఇదే.

మూడోది స్వర్ణముఖి. దీన్ని ఎవరూ యాత్ర అనరు, బస అక్కర్లేదు, టికెట్ లేదు. కానీ కొండ వాగులు చూసిన మర్నాడే ఊరి మురుగు కలిసే చోటికి తీసుకెళ్ళకపోతే ముందు చేసిన పనికి అర్థం ఉండదు. అదే వల, అదే ట్రే. మేఫ్లై ఒక్కటీ లేదు. బురదలో ఎర్రటి సన్న పురుగులు మాత్రం కుప్పలు. దోమల్లా ఉండి కుట్టని కైరోనోమిడ్ ఈగల పిల్లలవి. వాటి ఒంట్లో మన నెత్తుటిలాగే హీమోగ్లోబిన్ ఉంటుంది, అందుకే ఆక్సిజన్ కరువులోనూ బతుకుతాయి. కొండ దగ్గర వింక్లర్ సీసాలో గోధుమరంగు మడ్డి కట్టింది, ఇక్కడ అది పాలిపోయి కనబడింది (ఆక్సిజన్ ఎంత ఎక్కువుంటే మడ్డి రంగు అంత ముదురు). 25 డిగ్రీల దగ్గర శుభ్రమైన నీళ్ళు పట్టుకోగలిగే ఆక్సిజన్ లీటరుకు 8.2 మిల్లీగ్రాముల చిల్లర. ఆ అంకెను బోర్డు మీద ఎన్నిసార్లు రాసినా రానిది, ఆ రెండు సీసాలు పక్కపక్కన పెడితే వచ్చింది. గ్లవుజులు, బూట్లు లేకుండా ఇక్కడ దిగనివ్వకండి. పుండున్న పిల్లలు గట్టునే రాసుకోవాలి.

మిగతా చోట్ల గురించి రెండు ముక్కలు. వరదయ్యపాళెం దగ్గర ఉబ్బలమడుగు చూడ్డానికి బాగుంటుంది గానీ, లోతు మడుగులు, చెన్నై నుంచి వచ్చే జనం, మునిగిపోయినవాళ్ళ కథలు. పిల్లల బాధ్యత నెత్తిన పెట్టుకుని నేను వెళ్ళను. పలమనేరు వైపు కైగల్ వాగు నిజంగా మంచి ఎంపికే. కానీ కౌండిన్య అభయారణ్యం ఏనుగులది. ఏ పూట ఏ మంద ఎక్కడుందో అటవీ సిబ్బందికి ఫోన్ చేశాకే అడుగు వెయ్యాలి, సాయంత్రం నాలుగు తర్వాత ఉండకూడదు. చిత్తూరు, కుప్పం కాలేజీలకు దగ్గర కనుక వాళ్ళు ప్రయత్నించవచ్చు. కపిలతీర్థం దగ్గర నీళ్ళు చూసి ముచ్చటపడండి, వల మాత్రం తియ్యకండి. అది గుడి కోనేరు.

సామానులో మర్చిపోకూడనివి: వాడేసిన ఆసిడ్, అయొడైడ్ నీళ్ళు వెనక్కి తెచ్చుకోవడానికి మూత బిగిసే ప్లాస్టిక్ డబ్బా (అడవిలో ఒక్క చుక్కా పారబొయ్యొద్దు), పొడుగు సాక్సులు, ప్యాంటు అంచు కట్టుకోవడానికి రబ్బరు బ్యాండ్లు. పొదల్లోంచి వచ్చాక ఒళ్ళు సబ్బుతో రుద్దుకుని, బట్టలు వేడినీళ్ళలో వెయ్యాలి. పొదల్లోని నల్లి లాంటి సన్న పురుగులు కుట్టి వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరం మన ప్రాంతానికి కొత్త కాదు, చలికాలంలో ఎక్కువ. వచ్చాక రెండు మూడు వారాల లోపు జ్వరం తగిలితే అడవికి వెళ్ళామని డాక్టరుకి చెప్పాలి. చంకల్లో, నడుం దగ్గర కాలినట్టు నల్లటి పెచ్చు ఉందేమో చూడమనాలి. తొందరగా పట్టుకుంటే డాక్సీసైక్లిన్‌తో తగ్గే జబ్బే. ఈ మాట కాగితం మీద రాసి, తల్లిదండ్రులకి బయల్దేరే ముందే ఇచ్చేస్తాం.