కడుపుతో ఉన్నవాళ్ల నెలనెలా చెకప్‌కి ఎగ్మూరా, వీధి చివరి కార్పొరేషన్ ఆసుపత్రా?

చెన్నై వ్యాసర్పాడిలో మా చుట్టుపక్కల ఎవరికి నెల తప్పినా మొదట వచ్చే మాట "ఎగ్మూరుకే పోదాం, పెద్ద డాక్టర్లు ఉంటారు" అని. నిజమే, 1844 నుంచి ఉన్న ప్రసూతి ఆసుపత్రి అది, ఎంత కష్టమైన కాన్పైనా చూస్తారు. కానీ మామూలు చెకప్‌కి కూడా అక్కడికే పోతే ఆ రోజు కూలి పోయినట్టే, పెద్దపిల్లను చూసుకోవడానికి ఒక మనిషి కావాలి, అందుకే మూడో నెలలో ఒకసారి పోయి మళ్లీ ఏడో నెల దాకా అటు పోనివాళ్లను నేను చాలామందిని చూశాను.

మా మరదలు రెండో కాన్పుకు వీధి చివరి ఆసుపత్రిలోనే చూపించుకుంది. వేలు గుచ్చి చూస్తే హిమోగ్లోబిన్ 8.4, ఉండాల్సింది 11. ఐరన్ మాత్రలిస్తే, వికారంగా ఉందని ఈమె బియ్యం డబ్బా వెనక దాచేసింది. అదే ఎగ్మూరులో అయితే ఈ సంగతి ఎవరికి తెలుస్తుంది? ఇక్కడి నర్సమ్మ ఇంటికే వచ్చి, మాత్రలు లెక్కపెట్టి, ఒక్క మాట కోప్పడకుండా "అన్నం తిన్నాక వేసుకోమ్మా, టీతో మాత్రం వద్దు, టీ తాగితే ఐరన్ ఒంటికి పట్టదు, నిమ్మరసం తాగు" అని చెప్పి వెళ్లింది. రెండు నెలల్లో 10 దాటింది.

లోట్లు లేవా అంటే ఉన్నాయి. స్కానింగ్‌కి వేరే చోటికి పంపారు. నెల్లూరు నుంచి కొత్తగా బిల్డింగ్ పనులకొచ్చిన ఆడవాళ్లకు తమిళం రాదు, చెప్పింది సగం కూడా అర్థం కాదు, తెలుగొచ్చిన మనిషి ఒక్కరుంటే చాలు. చెకప్ సాయంత్రం పూట కూడా పెడితే కూలి పోదు.

ప్రైవేటు నర్సింగ్ హోమ్ కోసం అప్పు చేయొద్దనే చెబుతాను.

ఎక్కడ చూపించుకున్నా కడుపుతో ఉన్నట్టు సర్కారులో నమోదు చేసి ఇచ్చే 12 అంకెల పిక్మి నంబరు ముందే తీసుకోండి. కడుపుతో ఉన్నవాళ్లకు తమిళనాడు సర్కారు ఇచ్చే ముత్తులక్ష్మి రెడ్డి పథకం 18,000 రూపాయలకు, అంటే 14,000 నగదు, మిగతాది పోషకాహార కిట్లు, అదే ఆధారం. బిడ్డ పుట్టాక 6, 10, 14 వారాల టీకాలకూ వీధి ఆసుపత్రే నయం, బాలింత బస్సెక్కి అంత దూరం ఎందుకు?

మొదటి కాన్పు ఆపరేషన్ అయినా, కవలలైనా, బీపీ 140/90కి చేరినా మాత్రం ఆలోచించకుండా పెద్దాసుపత్రికే. తొమ్మిదో నెలలో మా మరదలికి బీపీ పెరిగితే నర్సమ్మే చీటీ రాసి ఎగ్మూరు పంపింది, అన్ని నెలల లెక్కలూ అందులో ఉండడంతో అక్కడివాళ్లు మళ్లీ మొదటి నుంచి అడగకుండా వెంటనే చేర్చుకున్నారు.