మళ్లీ దుబాయ్, ఈసారి చుట్టపు చూపుగా

1997లో నేను మొదటిసారి దుబాయ్ పోయింది జగిత్యాలలో బొంబాయి బస్సెక్కి. ఏజెంటు చేతిలో పెట్టిన కంపెనీ వీసా, ఒక రెగ్జిన్ బ్యాగు, అందులో అమ్మ కట్టిచ్చిన మామిడికాయ తొక్కు. వయసు 21. ఏడేళ్లు షట్టరింగ్ కార్పెంటర్‌గా, అంటే కాంక్రీటు పోసే చెక్క అచ్చులు బిగించే పని, చేసి 2004లో తిరిగొచ్చేశాను. మళ్లీ 2024 నవంబర్‌లో మా ఆవిడతో కలిసి అయిదు రాత్రులకి వెళ్లాను. శంషాబాద్‌లో ఎక్కితే నాలుగు గంటలు. నేను మొదట పోయినప్పుడు దిర్హం పది రూపాయలు, ఈ ట్రిప్పు నాటికి ఇరవై మూడు. సంపాదించేటప్పుడు పది, ఖర్చు పెట్టేటప్పుడు ఇరవై మూడు. నా రాత అలాంటిది.

మా వైపు దుబాయ్ అంటే చాలామందికి అప్పు, ఏజెంటు మోసం, పెట్టెలో వచ్చిన శవం గుర్తొస్తాయి. అవన్నీ నిజమే. అయినా నాకు ఆ ఊరంటే ఇష్టం. ఈ మాట ఊళ్లో గట్టిగా అనను. ఆ ఇష్టమంతా శుక్రవారాల మీదే. ఆరు రోజులు సోనాపూర్ కూలీల క్యాంపు, సైటు. శుక్రవారం సెలవు, ఇస్త్రీ చొక్కా వేసుకుని పాత దుబాయ్ వైపు దేరాలో సబ్ఖా బస్టాండు దగ్గర దిగితే మన భాషే వినబడేది. పనిలేకుండా తిరగడానికే వెళ్లేవాళ్లం.

అందుకే బస కూడా దేరాలోనే తీసుకున్నాను. కొత్త దుబాయ్‌లో మెరీనా వైపు తీసుకోమని మా అబ్బాయి పోరాడాడు. అక్కడి అద్దెలో సగానికే దేరాలో గది దొరికింది, పైగా మెట్రో నడిచేంత దూరం. కిటికీ తెరిస్తే ఎదురుగా పక్క బిల్డింగు గోడ, ఏసీల హోరు. ఫొటోల్లో చూపించిన గది అది కాదు. అడిగితే రెండో రోజు మార్చారు, అడగకపోతే మార్చేవారు కాదు. గది అద్దె ముందే కట్టినా, కౌంటర్ దగ్గర టూరిజం దిర్హం అని ఒక రుసుము విడిగా తీసుకుంటారు. మాది మూడు నక్షత్రాల హోటలు కాబట్టి రాత్రికి 10. డిపాజిట్ కూడా అడుగుతారు, వెళ్లేటప్పుడు వెనక్కి ఇస్తారు. ఇది తెలియక అర్ధరాత్రి కౌంటర్ దగ్గర కాసేపు టెన్షన్ పడ్డాం.

సామాను మొయ్యడానికి వచ్చిన పిల్లాడు హిందీలో "సార్, బ్యాగ్" అన్నాడు. నేను మా ఆవిడతో ఏదో అనేసరికి ఆగిపోయాడు. "మనది ఏ ఊరు కాకా?" వాళ్లది కోరుట్ల పక్కనట. అక్కడి నుంచి బ్యాగు అతను లాగుతాడు, వదలకుండా నేనూ లాగుతాను. లిఫ్టు దాకా ఇద్దరం దాన్ని పట్టుకునే నడిచాం. ఆ అయిదు రోజుల్లో సర్వీసు ఎక్కడ ఎంత బాగున్నా నాకు పూర్తిగా మనసుకెక్కలేదు. టేబుల్ తుడిచే ప్రతి చెయ్యీ మా వాడకట్టులోదే అనిపించేది.

ఎయిర్‌పోర్ట్ నుంచి టాక్సీ అయితే మీటరు 25 దిర్హాములతో మొదలవుతుంది. టెర్మినల్ 1, 3లకి మెట్రో ఉంది. టెర్మినల్ 2కి లేదు, ఫ్లైట్ టికెట్ కొనేటప్పుడే అది చూసుకోండి. నా రోజుల్లో మెట్రో లేనే లేదు, 2009లో వచ్చింది. ఇప్పుడు ఊరు చూడ్డానికి దాన్ని మించింది లేదు. డ్రైవరు ఉండడు, కాబట్టి మొదటి పెట్టెలో ముందు అద్దం దగ్గర నిలబడొచ్చు. ఆడవాళ్ల పెట్టె విడిగా ఉంటుంది, నేల మీద గులాబీ గీత గీసి ఉంటుంది. నేను మాటల్లో పడి ఆ గీత దాటాను. జరిమానా 100 దిర్హాములు. అధికారి చూడకముందే మా ఆవిడ మోచేత్తో పొడిచింది కాబట్టి బతికిపోయాను.

ఊరి మధ్య ఉప్పునీటి పాయ క్రీక్, దాన్ని దాటించే పడవ అబ్రా మాత్రం అప్పటిదే, మారలేదు. నడుమ బల్ల మీద వీపు వీపు ఆనించి కూర్చుంటాం. మధ్యలో ఇంజన్ గుంత, అందులో నిలబడి సరంగు కాలితో చుక్కాని తిప్పుతాడు. పడవ గట్టు వదిలాక చెయ్యి చాస్తాడు, ఒక్కొక్కరూ ఒక బిళ్ల వేస్తారు. అప్పట్లో 50 ఫిల్సులు, అంటే అర దిర్హం, ఇప్పుడు దిర్హం. ఇరవై మంది ఎక్కేదాకా కదలదు, కదిలితే అయిదారు నిమిషాల్లో అవతలి ఒడ్డు. డీజిల్ వాసన, పక్క నుంచి పెద్ద పడవ వెళ్తే చెంపకి కొట్టే ఉప్పు తుంపర. "గిదేనా నువ్వు గంతగనం చెప్పింది?" అంది మా ఆవిడ. తర్వాత రోజు పొద్దున్నే తనే మళ్లీ పోదామంది.

బర్ దుబాయ్ ఒడ్డున దిగి గుడి సందులోకి పోయాం. ఆ సందులో పూలమ్మేవాళ్లు ఇంకా ఉన్నారు, కృష్ణుడి గుడి ఉంది. శివాలయం మాత్రం 2024 జనవరిలోనే జెబెల్ అలీకి మారిపోయింది. అక్కడి కొత్త గుడికీ వెళ్లాం. పాలరాయి, చల్లటి హాలు, క్యూ పద్ధతి, అన్నీ బాగున్నాయి. నాకు మాత్రం ఆ ఇరుకు మెట్ల మీద చెప్పులు పోయిన శివరాత్రే గుర్తొచ్చింది. దేరా చేపల మార్కెట్టూ లేదు, 2017లో వాటర్‌ఫ్రంట్ మార్కెట్‌లో కలిసింది. అది శుభ్రంగా ఉంటుంది, ఒప్పుకోవాలి.

ఎడారి సఫారీ మాత్రం దండగ. బుకింగ్ తీసుకున్న ట్రావెల్స్ బండి గంటన్నర ఆలస్యంగా వచ్చింది, సూర్యాస్తమయం రోడ్డు మీదే అయిపోయింది. ఏడేళ్లు ఇసుకలో ఉన్న మనిషి డబ్బులిచ్చి ఇసుక చూడటమేంటని నాకు ముందే తట్టాల్సింది. బుర్జ్ ఖలీఫా కింద నుంచి చూశాం, ఫౌంటెన్ ఉచితం, అది చాలు.

డబ్బులకి తగ్గది దుబాయ్ ఫ్రేమ్, ఫొటో ఫ్రేము ఆకారంలో నిలబెట్టిన పెద్ద కట్టడం. మేం వెళ్లినప్పుడు మనిషికి 50, ఇద్దరికి వంద. జేబులో 2004 నుంచి బీరువాలో దాచిన వంద దిర్హాముల నోటు ఉంది. ఇవ్వబోయి కార్డే ఇచ్చాను. ఆ నోటు వెనక ట్రేడ్ సెంటర్ బొమ్మ ఉంటుంది. నేను దిగినప్పుడు దుబాయ్‌లో అన్నిటికంటే ఎత్తయిన బిల్డింగు అదే, 39 అంతస్తులు, 149 మీటర్లు. సైటు నుంచి దాన్ని చూసే దిక్కులు గుర్తుపట్టేవాళ్లం. ఫ్రేమ్ ఎత్తు 150 మీటర్లు. పైన అద్దాల నేల మీద నిలబడి, నోటు పట్టుకుని వెతికాను. ఒకవైపు కరామా, దేరా చదునుగా పరుచుకుని ఉన్నాయి, ఇంకోవైపు షేక్ జాయెద్ రోడ్డు టవర్లు. వాటి మధ్యన, తెల్లగా, పొట్టిగా ఉంది ట్రేడ్ సెంటర్. సరిగ్గా మా కంటి ఎత్తున.

మంఖూల్‌లో మేము కట్టిన బిల్డింగు కూడా వెతికి పట్టుకున్నాను. రంగు మార్చారు. నాలుగో అంతస్తు మూల పిల్లర్ ముప్పావు ఇంచు వంకర, ఆ రాత్రి నేనే షట్టరింగ్ బిగించాను. ఫోర్‌మన్ కనిపెట్టకుండా ప్లాస్టర్‌తో కప్పేశాం. రోడ్డు అవతల నిలబడి చూస్తే ఇప్పటికీ నాకు కనిపిస్తుంది. మా ఆవిడకి కనిపించలేదు.

శుక్రవారం సాయంత్రం సబ్ఖా పోయాను. ఎదురుచూసిన జనం లేరు. 2022లో వారాంతం శని, ఆదివారాలకి మారింది కదా, మనవాళ్లలో చాలామందికి సెలవు ఆదివారమైందని కోరుట్ల పిల్లాడు చెప్పాడు. ఆదివారం మధ్యాహ్నం మా ఫ్లైటు.

శనివారం రాత్రి బఖాలాలో, అంటే చిన్న కిరాణా కొట్టులో, టైగర్ బామ్, యాక్స్ ఆయిల్, నిడో పాలపొడి కొన్నాం. అన్నీ జగిత్యాలలో దొరుకుతాయి, అయినా ఇక్కడివే కావాలట. కార్డు మిషన్ పనిచెయ్యలేదు. నేను చిల్లర లెక్కపెడుతుంటే, మా ఆవిడ నా చొక్కా జేబులోంచి ఆ వంద నోటు తీసి ఇచ్చేసింది. మలయాళీ అతను వెలుతురులో ఓసారి చూసి గల్లాలో వేసుకున్నాడు. తిరిగొచ్చిన బిళ్లల్లో నాలుగు పెట్టి, ఆ రాత్రే అబ్రాలో అవతలికి పోయి వచ్చాం.