మేకర్స్ మార్క్ 46: ఏళ్ల తరబడి తాగాక నా మాట

బర్బన్‌లో, అంటే ఎక్కువగా మొక్కజొన్నతో చేసే అమెరికన్ విస్కీలో, మనకు తగిలే వెనిలా, కారమెల్ రుచుల్లో చాలా భాగం పీపా చలవే. చట్టం ప్రకారం ఆ ఓక్ పీపా కొత్తదై ఉండాలి, లోపల కాల్చి ఉండాలి. ఆ పైన ఇంకాస్త చెక్క రుచి ఎక్కిస్తే ఏమవుతుందో చూడాలనుకునేవాళ్లకు నేను ముందు చెప్పేది కెంటకీలో తయారయ్యే ఈ మేకర్స్ మార్క్ 46 అనే బర్బన్ గురించే.

2010లో వచ్చింది. బాగా మాగిన మామూలు మేకర్స్ మార్క్ బర్బన్‌ని పీపాలోంచి తీసి, లోపల పది ఫ్రెంచ్ ఓక్ పలకలు బిగించి, మళ్లీ అందులోనే పోసి తొమ్మిది వారాల పాటు చల్లటి చోట ఉంచుతారు. పలకలకు పైపైనే గట్టి సెగ చూపిస్తారు. దాంతో చెక్కలోని తీపి విస్కీలోకి దిగుతుంది, వగరు మాత్రం పెద్దగా రాదు.

గ్లాసులో పోశాక కాసేపు ఆగండి. స్పిరిట్ ఘాటు తగ్గి దాల్చినచెక్క వాసన పైకొస్తుంది. మామూలు మేకర్స్ మార్క్‌లో రై అనే కారపు రుచి ధాన్యం బదులు గోధుమ వాడతారు కాబట్టి నాలుక మీద మెత్తగా జారిపోతుంది. ఇది అలా కాదు, మింగాక కూడా గొంతులో వెచ్చగా, కారంగా నిలబడుతుంది. ఆల్కహాల్ 45 నుంచి 47 శాతానికి పెరిగినందుకే ఇలా ఉందనుకోను. నాలుగు చుక్కల నీళ్లు కలిపినా ఆ దాల్చినచెక్క పోదు. ఐస్ వేస్తే మాత్రం వాసన చచ్చిపోతుంది, దయచేసి వేయకండి.

వుడ్‌ఫర్డ్ రిజర్వ్ డబుల్ ఓక్డ్ అనే ఇంకో బర్బన్ కూడా ఇంట్లో ఉంటుంది. అందులో విస్కీని రెండోసారి ఏకంగా ఇంకో కొత్త పీపాలోకే మారుస్తారు. వాసన అద్భుతం, మొదటి గ్లాసు ఇంకా అద్భుతం. రెండో గ్లాసుకి తీపి మొహం మొత్తుతుంది. కోడి వేపుడు పక్కన పెట్టుకుంటే అసలు పొసగదు. 46 ఆ మసాలాకి తట్టుకుంటుంది.

ఒక లోపం ఉంది. సీసా సగానికి దిగాక నెలల తరబడి అలా ఉంచేస్తే మొదటి వాసన బాగా పలచబడుతుంది. అందుకే తెరిచిన సీసా పూర్తయ్యాకే ఇంకోటి తెరుస్తాను. కాక్‌టెయిల్స్‌కి ఇది దండగ, మామూలు మేకర్స్ మార్క్ చాలు. ఊరికే నెమ్మదిగా చప్పరించడానికైతే కాస్త ఎక్కువ పెట్టి 46 కొనమనే చెబుతాను.