ఎగ్మోర్ మ్యూజియం: మన అమరావతిని చెన్నైలో చూడాలంటే

చెన్నైలో ఉన్న తెలుగువాళ్ళు ఒక్కసారైనా వెళ్ళాల్సిన చోటు పాంథియన్ రోడ్డులోని ప్రభుత్వ మ్యూజియం. 1851లో మొదలైంది. శుక్రవారం సెలవు, కెమెరాకు వేరే టికెట్.

లోపలికి వెళ్ళగానే నేరుగా అమరావతి బౌద్ధ స్తూపం శిల్పాల గదికి నడవండి. అలసిపోయాక చూస్తే ఆ పలకలన్నీ ఒకేలా కనిపిస్తాయి. పల్నాటి సున్నపురాయి మీద చెక్కినవి. 1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు చేర్చినవాటిలో చాలా భాగం తర్వాత లండన్‌కు వెళ్ళిపోయాయి.

బుద్ధుడి మీదికి ఉసిగొల్పిన నలగిరి అనే ఏనుగు కథ చెక్కిన ఫలకం దగ్గర కనీసం పది నిమిషాలు ఆగండి. ఒకే గుండ్రటి చట్రంలో రెండు క్షణాలున్నాయి: ఒక పక్క మదమెక్కి మనుషుల మీద పడుతున్న ఏనుగు, మరో పక్క బుద్ధుడి ముందు మోకరిల్లిన అదే ఏనుగు. పైన మేడమీంచి తొంగిచూస్తున్న జనాన్ని మరిచిపోకండి. ఎదురుగా కాక కాస్త పక్కకు జరిగి నిలబడితే చెక్కడం లోతు తెలుస్తుంది.

పాతరోజుల్లో ఈ పలకల్ని సిమెంటుతో గోడలో బిగించేశారు. గోడ తేమతో పాటు ఉప్పు రాయిలోకి ఎక్కి, ఆరినప్పుడు స్ఫటికాలు కట్టి పైపొరను పెచ్చులుగా ఊడగొడుతుంది. చూస్తే కడుపు తరుక్కుపోతుంది. దయచేసి చెయ్యి పెట్టకండి.

కంచు విగ్రహాలది వేరే భవనం. తిరువాలంగాడు నటరాజు అక్కడే. ఎర్రరాయితో కట్టిన నేషనల్ ఆర్ట్ గ్యాలరీని బయటి నుంచైనా చూడాలి, వాస్తుశిల్పి హెన్రీ ఇర్విన్ కట్టడం అది. జంతువుల విభాగం పిల్లలుంటే సరే, లేకపోతే వదిలేయొచ్చు.