ఆర్ఎక్స్ 100 లోకల్ కార్బురేటర్ కిట్: గాస్కెట్ ఓకే, జెట్లు వద్దు

1985లో వచ్చిన యమహా ఆర్ఎక్స్ 100కి బజార్లో లోకల్ కార్బురేటర్ కిట్లు (గాలి, పెట్రోలు కలిపే కార్బురేటర్‌కి మార్చే చిన్న భాగాల సెట్లు) బోలెడు. ఇలాంటి కిట్‌లో గాస్కెట్, ఓ-రింగులు బాగానే కూర్చుంటాయి. ఫ్లోట్ నీడిల్‌ని (కార్బురేటర్‌లోకి పెట్రోలు రాకను ఆపే సూదిని) వెలుతురులో పట్టి చూడండి: కొన మీద సన్న గీత ఉన్నా పెట్రోలు ఆగదు, ఓవర్‌ఫ్లో పైపులోంచి కారుతూనే ఉంటుంది.

అసలు తలనొప్పి జెట్లు, అంటే పెట్రోలు కొలిచి పంపే సన్న రంధ్రం ఉన్న ఇత్తడి ముక్కలు. మీద వేసిన సైజు అంకె ఒకటి, రంధ్రం ఇంకొకటి. రంధ్రం పెద్దదైతే స్పార్క్ ప్లగ్గు మసిబారుతుంది. చిన్నదైతే పెట్రోలు తగ్గి, ఇంజిన్ అతిగా వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది, టూ స్ట్రోక్ కదా మరి! పాత ఒరిజినల్ జెట్లకే క్లీనర్ కొట్టి, గాలి ఊది వాడండి. తీగ దూర్చొద్దు, ఇత్తడి మెత్తన. ఎయిర్ స్క్రూ (గాలి పాళ్లు సరిచేసే స్క్రూ) మెల్లగా ఆనేదాకా తిప్పి, ఒకటిన్నర చుట్టు వెనక్కి తీయండి. ఇంజిన్ వేడెక్కాక సరిచేసుకోవచ్చు.