విక్రాంత్ ఉక్కు ట్యాంకున్న బజాజ్ వీ15: సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాక నా రివ్యూ

2016లో ఈ బండి కొత్తగా వచ్చినప్పుడు కొనలేకపోయాను. మూడేళ్ల కింద వైజాగ్‌లోనే ఒకాయన అమ్ముతున్నారని తెలిసి తెచ్చుకున్నాను. బండి ఎలా నడుస్తుందో కూడా చెప్తాను గానీ, నేను కొన్నది ట్యాంకు కోసం.

1971 డిసెంబరులో, పాకిస్తాన్‌తో యుద్ధం జరిగినప్పుడు, మా నాన్నకి పదేళ్లు, వాళ్ల ఇల్లు బీచ్‌కి దగ్గర్లో ఉండేది. 3వ తేదీ అర్ధరాత్రి దాటాక ఊరంతా చీకట్లో ఉండగా సముద్రం వైపు నుంచి పెద్ద చప్పుడొచ్చి కిటికీ అద్దాలు అదిరాయట. పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మునిగింది ఆ రాత్రే. అది వచ్చింది మన విమాన వాహక నౌక విక్రాంత్‌ని ముంచడానికి, కానీ విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు వెళ్లిపోయింది, 4వ తేదీన దాని మీద నుంచి లేచిన సీహాక్ యుద్ధ విమానాలు అప్పటి తూర్పు పాకిస్తాన్ (ఇప్పటి బంగ్లాదేశ్)లోని కాక్స్‌బజార్ మీద బాంబులు వేశాయి. మా ఇంట్లో ఈ సంగతి వినని పిల్లాడు లేడు.

అలాంటి ఓడ 1997లో రిటైరయ్యి, ముంబైలో కొన్నాళ్లు మ్యూజియంగా ఉండి, చివరికి 60 కోట్లకి వేలంలో పోయింది. 2014 చివర్లో ముక్కలు చేయడం మొదలుపెట్టారు. మన ఆర్కే బీచ్‌లో కుర్సురా సబ్‌మెరైన్‌ని ఒడ్డుకి లాగి ఎంత బాగా ఉంచుకున్నామో చూసినవాడిగా నాకు అది ఇప్పటికీ బాధే. ఆ స్క్రాప్ ఉక్కు కొంత బజాజ్ వాళ్లు కొని, కరిగించి, వీ15 ట్యాంకులో వాడారు.

ఒకటి ముందే తెలుసుకోండి, ఇది కరిగించిన ఉక్కు. ఓడ నుంచి కోసిన రేకు ముక్కో, రంగు అంటుకున్న బోల్టో చేతిలో పట్టుకున్నట్టు ఉండదు, చూడ్డానికి మామూలు ట్యాంకే. అలాంటి ముక్క కావాలనుకునే కలెక్టర్లకి ఇది నచ్చకపోవచ్చు. నాకు మాత్రం అద్దాల బీరువాలో పెట్టే వస్తువు కన్నా రోజూ పెట్రోలు పోయించుకుని బీచ్ రోడ్డు మీద తిరిగేదే ఎక్కువ నచ్చింది.

బండి సంగతికొస్తే 149.5 సీసీ, 12 పీఎస్, స్పీడు కోరుకునేవాళ్ల బండి కాదు. సిటీలో గేరు మాటిమాటికీ మార్చకుండా హాయిగా లాగుతుంది. కూర్చునే తీరు నిటారుగా ఉంటుంది, నడుం నొప్పి రాలేదు. వెనక సీటు మీద కవర్ బిగిస్తే సింగిల్ సీటవుతుంది, మా ఆవిడ ఎక్కాలి కాబట్టి నేను తీసేశాను.

పోయినేడు పార్కింగ్‌లో ఎవరో గుద్ది ట్యాంకుకి సొట్ట పెట్టారు. మెకానిక్ షెడ్డులో అబ్బాయి "కొత్త ట్యాంకు వేసేద్దాం అన్నా, పాతది స్క్రాప్‌కి ఇచ్చేద్దాం" అన్నాడు. ఒక్కసారి గుండె ఆగినంత పనైంది. సొట్ట అలాగే ఉంచి పైన పెయింట్ మాత్రం వేయించాను.

ఇప్పుడు కొత్తవి రావట్లేదు, సెకండ్‌హ్యాండ్‌లోనే వెతకాలి. ఇంజిన్ చూపించుకోవడం ఎలాగూ చేస్తారు, దానికన్నా ముందు ట్యాంకు ఎప్పుడైనా మార్చారా అని అడగండి, బిల్లులుంటే చూడండి. గీతలు, సొట్టలు ఉన్నా పర్లేదు, బండితో వచ్చిన ట్యాంకే ఉన్నది తీసుకోండి.